స్టేజ్ 1 ట్యూన్ చేసిన లారా 1.8 టీఎస్ఐకి ఏ స్పార్క్ ప్లగ్? 7 ఉంచాలా, 8కి పోవాలా?

పెన్నేటి_టర్బో (అనంతపురం)

అందరికీ నమస్తే. బండి స్కోడా లారా 1.8 టీఎస్ఐ, మాన్యువల్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ లెక్క 160 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. బెంగళూరులో స్టేజ్ 1 ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూన్ అయింది, 95 ఆక్టేన్ మ్యాపు. ట్యూనర్ ఇచ్చిన కాగితంలో 205 పీఎస్ అని ఉంది, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పీక్ 1.2 బార్ చూపిస్తోంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, ఇంటర్‌కూలర్ అన్నీ కంపెనీవే.

ఇబ్బంది ఏమంటే, నాలుగో గేర్లో 2,800 నుంచి 3,800 ఆర్‌పీఎం మధ్య పూర్తిగా తొక్కితే మిస్సింగ్ కొడుతోంది. సగం తొక్కితే ఏమీ లేదు. 5,000 దాటాక మళ్లీ శుభ్రంగా లాగుతుంది. కోడ్లు పీ0300, పీ0303 (రెండూ మిస్సింగ్ కోడ్లు, రెండోది మూడో సిలిండర్‌ది). ప్లగ్గులు ట్యూన్‌కు ముందువే, ఎన్‌జీకే పీఎఫ్ఆర్7ఎస్8ఈజీ. ఎప్పుడు వేశారో సర్వీస్ బుక్కులో లేదు.

షెడ్డులో 8 నంబరు (ప్లగ్ హీట్ రేంజ్, నంబరు పెరిగితే కోల్డ్) ఇరిడియం వెయ్యమంటున్నారు, ఇంకో చోట ఏకంగా 9 అన్నారు. వాడకం వారం మొత్తం ఊర్లో చిన్న దూరాలు, వారాంతం కర్నూలు వైపు హైవే. మన ఎండలకు కోల్డ్ ప్లగ్ తప్పనిసరా? ప్లగ్ కొనల మధ్య గ్యాప్ ఎంత పెట్టాలి?

బురుజు_బూస్ట్ (కర్నూలు)

8 వేసెయ్ బ్రో, ఆలోచించేదేముంది. టర్బో బండి, ట్యూన్ చేసిన బండి, పైగా మే నెలలో మన దగ్గర 42 డిగ్రీలు. బీకేఆర్8ఈఐఎక్స్ తీసుకో, గ్యాప్ 0.6 పెట్టు, అయిపాయె.

గండికోట_గేర్ (కడప)

అంత తొందరొద్దు. పై పోస్టులో రెండు వేరే సంగతులు ఒకదాంట్లో కలిసిపోయాయి. హీట్ రేంజ్ వేరు, గ్యాప్ వేరు. అన్న చెప్పిన లక్షణం చూస్తే అది గ్యాప్ లేదా కాయిల్ సమస్య. హీట్ రేంజ్‌కు దాంతో సంబంధం లేదు.

ఎందుకో చెప్తా. ప్లగ్ రెండు కొనల మధ్య నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ గ్యాప్‌తో పాటు పెరుగుతుంది, సిలిండర్ లోపలి ఒత్తిడితో పాటూ పెరుగుతుంది. ట్యూన్ చేశాక బూస్ట్ పెరిగింది కాబట్టి రవ్వ దూకే సమయానికి లోపల ఒత్తిడి ఎక్కువైంది. కాయిల్ ఇచ్చే వోల్టేజీ మాత్రం పాతదే. కంపెనీ బూస్ట్ ఉన్నన్నాళ్లూ అరిగిన ప్లగ్ కూడా ఎలాగో నెట్టుకొచ్చింది, ఇప్పుడు నెట్టుకు రాలేకపోతోంది. సిలిండర్ నిండా గాలి పట్టేది టార్క్ పీక్ దగ్గర. ఈ చిన్న టర్బోకు అది మధ్య ఆర్‌పీఎంలోనే. 5,000 దాటాక టర్బో ఊపిరి తగ్గి ఒత్తిడి పడిపోతుంది, మిస్సింగ్ పోతుంది. ప్లగ్ వేడెక్కి ఇబ్బంది పెట్టేదైతే కథ తలకిందులుగా ఉండేది. పై ఆర్‌పీఎంలో, సేపు లాగిన తర్వాత మొదలయ్యేది.

ఆ ప్లగ్ కొత్తగా ఉన్నప్పుడు గ్యాప్ 0.8 మి.మీ. ప్లాటినం అయినా ఇన్ని వేల కిలోమీటర్లకు అరిగి 0.9, 1.0 దాకా పోయి ఉంటుంది. కొత్త ప్లగ్ కొనే ముందు పాతవి ఊడదీసి కొలువు.

కోల్డ్ ప్లగ్ అంటే చల్లటి రవ్వ ఇచ్చేది కాదు, ఇంజన్ని చల్లబరిచేదీ కాదు. లోపలి పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే వేడి తొందరగా లోహపు ఒంటిలోకి, అక్కణ్నుంచి సిలిండర్ హెడ్‌లోకి దిగిపోతుంది. అది కోల్డ్. ముక్కు పొడుగ్గా ఉంటే వేడి నిలుస్తుంది, అది హాట్. ప్లగ్ కొన 450 డిగ్రీలు దాటితేనే దాని మీద పట్టిన మసి దానంతటది కాలిపోతుంది. 850 దాటిందంటే రవ్వ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం, అదే ప్రీ-ఇగ్నిషన్. ఒక మెట్టు కోల్డ్‌కు పోతే కొన వేడి 70 నుంచి 100 డిగ్రీలు తగ్గుతుంది. వారమంతా ఊర్లో చిన్న దూరాలు తోలేవాళ్లు 8 వేస్తే కొన 450 కూడా అందుకోక మసి పడుతుంది, పొద్దున స్టార్టింగ్‌లో వణుకుతుంది. ఇక 9 అంటే ట్రాక్ మీద తోలే బండ్ల లెక్క.

ఎన్‌జీకే వాళ్లే చెప్పే మోటు లెక్క ఒకటుంది. అదనంగా 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు కోల్డ్. అన్న బండికి పెరిగింది 45. కంపెనీ ప్లగ్గే 7. 7లోనే ఉండు.

ఎండ సంగతి: బయట 42 అయితే లోపలికి పోయే గాలి వేడెక్కుతుంది, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి దానంతటది పేలడం) పెరుగుతుంది, ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతుంది. దానికి మందు మంచి పెట్రోలు, శుభ్రమైన ఇంటర్‌కూలర్. మంట వేడి రెండు వేల డిగ్రీల పైమాట. బయట పది డిగ్రీలు అటూ ఇటూ అయినందుకు ప్లగ్ నంబరు మార్చరు.

బురుజు_బూస్ట్ (కర్నూలు)

కర్నూలు దాకా ఎన్‌హెచ్ 44 మీద గంటన్నర లాగి లాగి పోతే? గువ్వలచెరువు ఘాట్ నిండు లోడుతో ఎక్కితే? ఆ హార్స్‌పవర్ లెక్క ఒక్క పుల్లుకు సరిపోతుందేమో, సేపు తోలితే వేరే.

గండికోట_గేర్ (కడప)

ఆ మాటలో న్యాయం ఉంది. ప్లగ్‌ను వేడెక్కించేది నిలకడగా పడే లోడు, ఒక్క సారి తొక్కే తొక్కుడు కాదు. కాకపోతే హైవేలో 100–110 మీద పోతున్నప్పుడు ఆ ఇంజన్ వాడేది పావు వంతు పవర్ కూడా కాదు, బూస్ట్ దాదాపు సున్నా. ఘాట్‌లో నలుగురితో, ఏసీ వేసుకుని, మూడో గేర్లో పైకి ఎక్కడమే నిజమైన లోడు. అంత వాడకం రోజూ ఉంటే 8 గురించి మాట్లాడొచ్చు. అప్పుడైనా ఊహ మీద పోవద్దు, ప్లగ్ చూసి చెప్పాలి. ఆ చూసే పద్ధతి కింద ఎవరైనా రాస్తారేమో చూద్దాం, నేను రాసి రాసి అలసిపోయా.

రాయల_రెంచ్ (అనంతపురం)

నేను రాస్తాలే. ముందు కొనుగోలు, తర్వాత ఊడదీయడం, తర్వాత చదవడం.

నంబరు చదవడం వస్తే షాపులో ఎవరూ మోసం చేయలేరు. బీకేఆర్7ఈఐఎక్స్ తీసుకుందాం. బీ అంటే థ్రెడ్ 14 మి.మీ., కే అంటే 16 మి.మీ. హెక్స్ (సాకెట్ పట్టే ఆరు పలకల భాగం), ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, 7 హీట్ రేంజ్, ఈ అంటే థ్రెడ్ పొడవు 19 మి.మీ., ఐఎక్స్ అంటే ఇరిడియం. చివర 11 అని తోక ఉంటే గ్యాప్ 1.1 మి.మీ. అని అర్థం, అది మనకొద్దు. ఎన్‌జీకేలో నంబరు పెరిగే కొద్దీ కోల్డ్. డెన్సోలోనూ అంతే, కానీ వాళ్ల లెక్క వేరు: ఎన్‌జీకే 6కు డెన్సో 20, 7కు 22, 8కి 24. బాష్‌లో మొత్తం ఉల్టా, నంబరు పెరిగితే హాట్. ఇది తెలియక బాష్ 8 తెచ్చి కోల్డ్ ప్లగ్ అనుకుని వేసేవాళ్లున్నారు. చాలా వేడి ప్లగ్ ట్యూన్ చేసిన టర్బోలో పడితే పిస్టన్ కరిగే దాకా పోతుంది.

అన్న బండికి బీకేఆర్7ఈఐఎక్స్ గానీ డెన్సో ఐకే22 గానీ సరిపోతుంది. అసలు పీఎఫ్ఆర్7ఎస్8ఈజీనే కొత్తది వేసినా తప్పులేదు, హీట్ రేంజ్ అదే 7. ‘కాపర్ ప్లగ్’ అని షాపుల్లో అమ్మేది నిజానికి నికెల్ కొన ఉన్న ప్లగ్. రాగి లోపల నడిమి కడ్డీలో ఉంటుంది, అది ఇరిడియం ప్లగ్‌లోనూ ఉంటుంది. నికెల్ దాని నడిమి కొన 2.5 మి.మీ. లావు, ఎన్‌జీకే ఐఎక్స్‌ది 0.6 మి.మీ. కొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది. మన రోగానికి అదే కావాలి. నికెల్ చవక, ఆరు నెలలకొకసారి మార్చుకునే ఓపిక ఉంటే అదీ నడుస్తుంది.

నకిలీలు బాగా తిరుగుతున్నాయి. డబ్బా చూసి నమ్మొద్దు. ఇరిడియం కొన నిటారుగా, నేల ఎలక్ట్రోడ్ (కొన మీదికి వంగి ఉండే లోహపు పట్టీ) నడిమధ్యకు ఉండాలి. ఫోన్ కెమెరా దగ్గరగా జూమ్ చేస్తే తెలిసిపోతుంది. నకిలీదాంట్లో కొన పక్కకు ఉంటుంది, వెల్డింగ్ బొబ్బలు కనపడతాయి. వాషర్ చేతితో తిప్పితే ఊడి రాకూడదు. మల్టీమీటర్ పెట్టి పై టెర్మినల్ నుంచి నడిమి కొనకు రెసిస్టెన్స్ చూడు. రెసిస్టర్ ప్లగ్గుకు కొన్ని కిలో ఓములు రావాలి, 5కు అటూ ఇటూ. సున్నా వచ్చినా, అసలు రాకపోయినా వెనక్కిచ్చెయ్. కొన మీద మీటర్ ముల్లు నొక్కి గీకొద్దు, ఊరికే ఆనిస్తే చాలు.

గ్యాప్: ఈ బూస్ట్‌కు 0.7 మి.మీ. నాలుగూ ఒకటే ఉండాలి. 0.7 పెట్టాక కూడా మిస్సింగ్ ఉంటే 0.65. పై అన్న చెప్పిన 0.6తో మొదలుపెట్టొద్దు. గ్యాప్ మరీ బిగిస్తే రవ్వ పొట్టిదై ఐడిల్‌లో మిశ్రమం సరిగా అంటుకోక బండి ఊగుతుంది. ఇరిడియం ప్లగ్గును ఫ్యాక్టరీ గ్యాప్ నుంచి 0.2 మి.మీ. కంటే ఎక్కువ వంచకూడదని కంపెనీ మాటే ఉంది.

బిళ్ల లాంటి గేజ్ వస్తుంది చూడండి, అంచు వెంబడి జరుపుతూ గ్యాప్ విప్పేది. దాన్ని ఇరిడియం దగ్గరికి రానివ్వొద్దు. నడిమి కొన మీద ఏ బరువు పడినా టప్పున విరుగుతుంది. తీగ గేజ్ తీసుకోండి. గ్యాప్ తగ్గించాలంటే నేల ఎలక్ట్రోడ్‌ను మాత్రమే, శుభ్రమైన చెక్క మీద నిలువుగా మెల్లగా తట్టండి, కొలవండి, మళ్లీ తట్టండి. 0.7 తీగ కొద్దిగా రాసుకుంటూ పోవాలి, 0.75 పోకూడదు.

ఊడదీయడం ఇంజన్ చల్లారాకే. హెడ్ అల్యూమినియం, వేడి మీద విప్పితే థ్రెడ్ గుంజుకొస్తుంది. కాయిల్ కనెక్టర్ లాక్ ముందు తీయాలి, వైరు పట్టుకుని లాగితే తల ఊడుతుంది. కాయిల్ నిటారుగా పైకి లాగాలి, అదే పని కోసం పుల్లర్ దొరుకుతుంది. ప్లగ్ విప్పే ముందు గుంతలో కంప్రెసర్ గాలి కొట్టించండి. మన దుమ్ముకు అక్కడ చారెడు ఇసుక ఉంటుంది, అదంతా సిలిండర్లోకి పోతుంది. గుంతలో నూనె కనిపిస్తే పై కవర్ సీలు పోయినట్టు, అది సరిచేయకుండా కొత్త కాయిల్ వేస్తే దాని రబ్బరూ ఉబ్బిపోతుంది.

బిగించేటప్పుడు ప్లగ్ తలకు రబ్బరు ట్యూబ్ ముక్క తొడిగి వేళ్లతో తిప్పండి. థ్రెడ్ అడ్డం ఎక్కితే ట్యూబ్ జారుతుంది, హెడ్ బతుకుతుంది. తర్వాత టార్క్ రెంచ్, 14 మి.మీ. థ్రెడ్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. రెంచ్ లేకపోతే చేతితో ఆనిన తర్వాత కొత్త వాషర్ ప్లగ్గుకు అర నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. యాంటీ-సీజ్ గ్రీజు పూయొద్దు. థ్రెడ్‌కు పూత కంపెనీలోనే ఉంటుంది, పైన జిడ్డు రాస్తే అదే టార్క్‌కు ఎక్కువ బిగుసుకుని థ్రెడ్ సాగుతుంది. కింద పడిన ప్లగ్ వాడొద్దు, లోపల పింగాణీ పగులు బయటికి కనపడదు.

మూడో సిలిండర్ కోడ్ వచ్చింది కాబట్టి మూడో కాయిల్‌ను ఒకటోదాంతో మార్చి పెట్టి చూడు. కోడ్ పీ0301గా మారితే కాయిల్ దోషం. మూడులోనే ఉంటే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా.

పెన్నేటి_టర్బో (అనంతపురం)

అన్నలారా, ఊడదీసి కొలిచాను. ఒకటి 0.95, రెండు 0.95, మూడు 1.05, నాలుగు 1.0. మూడో ప్లగ్ తెల్ల పింగాణీ మీద, పై టెర్మినల్ దగ్గర్నుంచి కింది లోహం దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉంది. మిగతా మూడింటికీ గీత లేదు గానీ లోహం అంచున చుట్టూ కాఫీ రంగు మరక ఉంది. నాలుగు ప్లగ్గుల కొనలూ లేత ఇటుక రంగులో ఉన్నాయి. ఇది వేడి ఎక్కువైనట్టా?

రాయల_రెంచ్ (అనంతపురం)

దొరికింది. ఆ నల్ల గీతే మూడో సిలిండర్ కథ. గ్యాప్ 1.05 అయ్యాక లోపల దూకడం కంటే పింగాణీ వెంబడి బయటికి దూకడం తేలికైంది. ఒకసారి దారి పడితే కార్బన్ గీత అక్కడే ఉంటుంది, తుడిచినా పోదు. ఆ కాయిల్ రబ్బరు బూటు లోపల టార్చ్ వేసి చూడు, దానికి ఎదురుగా అలాంటి గీతే ఉంటుంది. కొత్త ప్లగ్ వేసి పాత బూటు తొడిగితే వారంలో మళ్లీ గీత. బూటు విడిగా దొరక్కపోతే కాయిలే మార్చు.

కాఫీ రంగు మరక గురించి భయపడొద్దు. అధిక వోల్టేజీకి చుట్టూ గాలిలోని నూనె తుంపర పింగాణీకి అతుక్కుని అలా అవుతుంది, దాన్ని కరోనా మరక అంటారు. లీకేజీ కాదు. చాలామంది అది చూసి ప్లగ్ కారుతోందని పారేస్తారు.

ఇటుక రంగు గురించి ఒక ప్రశ్న: ట్యాంకులో ఆక్టేన్ బూస్టర్ సీసాలు పోస్తున్నావా?

పెన్నేటి_టర్బో (అనంతపురం)

అవును, 95 దొరకని రోజు మామూలు పెట్రోల్‌లో ఒక సీసా కలుపుతున్నా.

రాయల_రెంచ్ (అనంతపురం)

ఆపెయ్. ఎరుపు, ఇటుక రంగు పొడి ఇనుము ఆధారిత బూస్టర్ వదిలిన బూడిద. ఫెర్రోసీన్ అని దాని పేరు. ఆ పొర వేడెక్కితే కరెంటు పారనిస్తుంది. రవ్వ దూకాల్సిన కరెంటు ముక్కు మీదుగా జారిపోతుంది, మళ్లీ మిస్సింగ్. బ్రష్షుతో గీకి వేద్దామనుకోకు, ఇరిడియం కొన పోతుంది. 95 దొరకని చోట పూర్తిగా తొక్కకుండా పోవడమే మేలు, లేదా ట్యూనర్ దగ్గర తక్కువ ఆక్టేన్ మ్యాపు కూడా పెట్టించుకో.

కొత్తవి వేసి ఓ వెయ్యి కిలోమీటర్లు తోలాక ఒక ప్లగ్ తీసి చూడు. చూసేది మూడు చోట్ల. పింగాణీ ముక్కు లేత గోధుమ లేదా బూడిద రంగుంటే బాగు. పొడి నల్ల మసి అయితే మిశ్రమం ఎక్కువ లేదా ప్లగ్ మరీ కోల్డ్. తడిగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, పిస్టన్ రింగులు చూపించుకోవాలి. సున్నంలా తెల్లగా, మీద బుడిపెలుంటే వేడి ఎక్కువ. పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, మధ్యలో వెండిలా మెరిసే చుక్కలు కనిపిస్తే నాకింగ్. ఆ మెరుపు పిస్టన్‌దే, వెంటనే తొక్కడం ఆపి ట్యూనర్‌కు ఫోన్ చెయ్.

రెండోది నేల ఎలక్ట్రోడ్ మీద రంగు మారిన గీత. అది వంపు మధ్యలో ఉంటే హీట్ రేంజ్ సరిపోయింది. కొన వైపు ఉంటే మరీ కోల్డ్. మొదట్లో, థ్రెడ్ దగ్గరికి దిగిపోతే హాట్, అప్పుడు 8కి పోవచ్చు. బురుజు అన్న అడిగిన ఘాట్ రోడ్డు ప్రశ్నకు జవాబు ఈ గీతే చెప్తుంది. ఘాట్ ఎక్కి పైన బండి ఆపి, చల్లారాక అక్కడే తీసి చూడాలి, ఇంటికొచ్చి ఐడిల్‌లో పెట్టి చూస్తే రంగులు మారిపోతాయి. మూడోది గ్యాప్ మళ్లీ కొలవడం.

వీసీడీఎస్ (స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్లను లాప్‌టాప్‌తో చదివే సాఫ్ట్‌వేర్) ఉంటే 20వ గ్రూపులో నాలుగు సిలిండర్ల టైమింగ్ ఎంత వెనక్కి పోతోందో, 15, 16 గ్రూపుల్లో మిస్సింగ్ ఎన్నిసార్లో కనపడుతుంది. ఒక్క సిలిండర్ మాత్రమే వెనక్కి పోతుంటే ఆ ప్లగ్, ఆ ఇంజెక్టర్ చూడు. నాలుగూ కలిసి పోతుంటే పెట్రోలో, వేడి గాలో.

బురుజు_బూస్ట్ (కర్నూలు)

సరే, ఒప్పుకున్నా. 7, 0.7. గీత చూసినాక 8 సంగతి మాట్లాడదాం.

హంద్రీ_హ్యాచ్ (కర్నూలు)

మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. పెనుకొండలో తయారైన కియా సోనెట్ 1.0 టర్బో, పిగ్గీబ్యాక్ బాక్స్ (సెన్సర్ వైర్ల మధ్య తగిలించి పవర్ పెంచే డబ్బా) పెట్టాలనుకుంటున్నా. నేనూ బీకేఆర్7ఈఐఎక్స్ వేసుకోవచ్చా?

గండికోట_గేర్ (కడప)

వద్దు తమ్ముడూ. ఇంజన్ వేరు. థ్రెడ్ లావు, పొడవు, హెక్స్ అన్నీ పాత ప్లగ్ నంబరు చూసి కలపాలి. పొడవు ఎక్కువైతే పిస్టన్ తగులుతుంది, తక్కువైతే ఖాళీ థ్రెడ్లలో మసి గడ్డకట్టి తర్వాత సరైన ప్లగ్ కూడా ఎక్కదు. బిగింపు కూడా థ్రెడ్‌ను బట్టే: 12 మి.మీ. అయితే 15–20 న్యూటన్ మీటర్లు, 10 మి.మీ. అయితే 10–12. 14 మి.మీ. లెక్కన 30 బిగిస్తే ప్లగ్ మెడ తెగి హెడ్‌లోనే ఉండిపోతుంది.

బాక్స్ పెట్టినా కంపెనీ నంబరు ప్లగ్గే కొత్తది వేసి, గ్యాప్ ఒక్కటి 0.1 మి.మీ. తగ్గించు. ఇంకో మాట, చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలో ఐదో గేర్లో 1,500 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కొద్దు. అక్కడ వచ్చే లో-స్పీడ్ ప్రీ-ఇగ్నిషన్‌ను ఏ ప్లగ్గూ ఆపదు. ఆయిల్ ఏపీఐ ఎస్‌పీ గ్రేడుది వాడు, గేర్ దించి తొక్కు. వారంటీ ఉన్న బండి అయితే బాక్స్ పెట్టే ముందు వారంటీ కాగితం చదువుకో.

పెన్నేటి_టర్బో (అనంతపురం)

బూటు లోపల గీత ఉంది, అన్న చెప్పినట్టే. మూడో కాయిల్ కొత్తది, బీకేఆర్7ఈఐఎక్స్ నాలుగు, గ్యాప్ 0.7, టార్క్ 28. నాలుగో గేర్లో 2,500 నుంచి 5,500 దాకా లాగితే 15, 16 గ్రూపుల్లో సున్నా. ఐడిల్ మామూలుగానే ఉంది. మిగతా మూడు కాయిళ్లు కూడా ఇప్పుడే మార్చాలా?

రాయల_రెంచ్ (అనంతపురం)

బూట్లలో గీత లేకపోతే ఉంచు. పాత కాయిళ్లలో బాగున్నది ఒకటి దొరికితే, ప్లగ్ విప్పే 16 మి.మీ. సాకెట్‌తో పాటు డిక్కీలో పెట్టుకో. ఈ ప్లగ్గులు 20 వేల కిలోమీటర్ల దగ్గర తీసి కొలువు. 0.8 దాటితే కొత్తవి వెయ్, మళ్లీ తట్టి దగ్గరికి తేవొద్దు.